ముప్పై ఒకటో క్లిప్పు

ఫిబ్రవరి 3, ఉదయం

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. మరదలు నిన్న ఫోనులో చెప్పిన మాటలు విన్నాక ఆ మర్యాదలో సగమే రాయగలుగుతున్నాను. నేను క్షేమం.

ఆరు నెలలుగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. అందుకే ఉత్తరం. ఫోను కట్ చేస్తే ఎవరికీ వినపడదు. కాగితం చింపితే చప్పుడవుతుంది, మరదలు వింటుంది.

ఈలను మేకులూ మరలూ ఉండే సొరుగులో పడేశావట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ మామగారి బైండింగ్ షాపులో పుస్తకాలు కుడుతున్నావట. మంచి పనే. నీ పని కాదు.

ఈ నెల 28న ఫుట్‌బాల్ రిఫరీల సంఘం నీకు మళ్ళీ పరీక్ష పెడుతోంది. ఒక పూర్తి మ్యాచ్ నడిపించాలి. రాకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. పద్దెనిమిదేళ్ళుగా ఉన్న పేరు. వెళ్ళేది లేదని మరదలితో తేల్చి చెప్పావట. వెళ్తావని నేను ఇక్కడ తేల్చుకున్నాను. మనిద్దరిలో ఎవరు మొండో 28న తెలుస్తుంది. నీకు మొండితనం నేర్పిందెవరో మాత్రం మరిచిపోకు.

నా సంగతి. కాలేజీ స్టోర్సులో బంతులకు గాలి కొట్టించి, వలలకు చిరుగులు కుట్టి ఇరవై రెండేళ్ళు గడిపాను కదా, ఇప్పుడు నన్ను పై అంతస్తుకు మార్చారు. కసరత్తు పరుపులు పెట్టే గది గుర్తుందా? దాన్ని ఖాళీ చేసి గోడంత తెర కట్టారు. రబ్బరు వాసన మాత్రం పోలేదు. అక్కడికి ఒక డాక్టరమ్మ వచ్చింది. మందుల డాక్టరు కాదు, చదువుల డాక్టరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నన్ను అక్కగారూ అంటుంది. ఆటగాళ్ళూ రిఫరీలూ ఆట మధ్యలో ఎటు చూస్తారు, ఎంతసేపు చూస్తారు, రెప్పపాటులో ఎలా తేల్చుకుంటారు అన్నది ఆవిడ పరిశోధన.

నా పని చిన్నది. వచ్చిన రిఫరీని నేలమీద గీసిన గడిలో నిలబెడతాను. కళ్ళజోడు తగిలిస్తాను. దాని అంచున గింజంత కెమెరా ఉంటుంది. మనిషి చూపు ఎక్కడ ఆనితే అక్కడ ఒక ఎర్రచుక్క కంప్యూటరులో కనపడుతుంది. చేతికి ఈల ఇస్తాను. తెర మీద ఏదో పాత మ్యాచ్‌లోని ముక్క పది సెకన్లు నడుస్తుంది. బంతి తగలగానే తెర నల్లబడుతుంది. ఒక్క సెకనులో ఊదాలి, లేదా ఊరుకోవాలి. అలా అరవై క్లిప్పులు.

నీ గురువుగారు వచ్చారు. మీరంతా చాటుగా కొంగ మాస్టారు అనేవాళ్ళే, ఆయనే. నేను కళ్ళజోడు పెడుతుంటే నవ్వి అన్నారు: “నలభై ఏళ్ళు జనం నన్ను గుడ్డోడా అని తిట్టారమ్మా. కళ్ళజోడు ఇవ్వాలని మీకు ఇప్పటికి తోచింది.”

కొత్త రిఫరీల ఎర్రచుక్క కోడిపిల్లలా బంతి వెంట పరుగెడుతుంది. కొంగ మాస్టారి చుక్క అలా కాదు. బంతి రాకముందే డిఫెండరు నడుము దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. అక్కడే ఉంటుంది. తర్వాత జరగబోయేది నడుములోనే తెలుస్తుందట. కొంగ అన్న పేరు ఊరికే రాలేదు. చేప వచ్చేదాకా కదలదు.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. క్లిప్పులు సంఘం వాళ్ళే పంపారు. వాటిలో ముప్పై ఒకటోది నీది. ఆరు నెలల కిందటి ఆ ఫైనలు. ఎనభై ఆరో నిమిషం. డిఫెండరు చేతికి తగిలిందని నువ్వు పెనాల్టీ ఇచ్చిన బంతి. మర్నాడు ఇంకో కెమెరాలో చూస్తే తగిలింది ఛాతీకి.

విచారణలో తగలడం చూశావా అని నిన్ను అడిగితే చూడలేదన్నావు. చూడకుండా ఎందుకు ఊదావంటే తలవంచుకున్నావు. ఎందుకు చూడలేదంటే ఎండ కళ్ళలో పడిందన్నావు. ఇవన్నీ నేను పేపరులో చదివాను. ఆ సాయంత్రం నేను ప్రార్థన మందిరంలో ఉన్నానని నీకు అప్పుడే చెప్పాను.

అది నా తమ్ముడి క్లిప్పని డాక్టరమ్మకు తెలియదు. రోజుకు నాలుగైదుసార్లు చూస్తున్నాను.

28 మరిచిపోకు.

దీవెనలతో,
అక్క

తా.క. ఈలను మరల మధ్య పెడితే తుప్పు పడుతుంది. గుడ్డలో చుట్టి పెట్టమని మరదలితో చెప్పాను. నీతో చెప్పి లాభం లేదు.


ఫిబ్రవరి 12

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఉత్తరం చింపలేదని తెలిసి సంతోషం. నువ్వు మరదలి ఫోను నుంచి పంపిన మాటలు అందాయి. నీకోసం లెక్కలు వెయ్యొద్దన్నావు. నువ్వు చూడలేదు, అంతే అన్నావు. ఆరు నెలల తర్వాత తమ్ముడి నోటినుంచి రాలింది ఆరు మాటలు. నేనే పొదుపరిని అనుకునేదాన్ని.

లెక్కలు నేను వెయ్యడం లేదు. డాక్టరమ్మ వేస్తోంది. నేను రాసిపెడుతున్నానంతే. విను.

పద్దెనిమిది మంది రిఫరీలు ముప్పై ఒకటో క్లిప్పు చూశారు. ఒక వారం చప్పుడు లేకుండా, ఇంకో వారం, తెర నల్లబడ్డాక లేచే జనం అరుపులతో సహా. ఆ క్లిప్పులో కెమెరా ఉన్న వైపు నుంచి డిఫెండరు చేయి కనపడదు. చప్పుడు లేనప్పుడు ఊదినవాళ్ళు అయిదుగురు. అరుపులతో చూసినప్పుడు ఊదినవాళ్ళు పదమూడు మంది. మనుషులు వాళ్ళే, బంతి అదే. చేయి అప్పుడూ కనపడలేదు, ఇప్పుడూ కనపడలేదు.

అరుపులతో చూసినప్పుడు ఊదినవాళ్ళను డాక్టరమ్మ అడిగింది, చేతికి తగలడం మీరు చూశారా అని. తొమ్మిది మంది చూశామన్నారు. ప్రమాణం చేసేటట్టే ఉన్నారు. కంటికి అందనిదాన్ని మనసు పూడ్చేస్తుందట. ఎంత బాగా పూడుస్తుందంటే, గొయ్యి ఉండేదని కూడా గుర్తుండదు. నువ్వు మాత్రం విచారణలో చూడలేదని ఒప్పుకున్నావు. ఆ సంగతి గమనించావా? నేను గమనించాను.

కొంగ మాస్టారు రెండుసార్లూ ఊదలేదు. ఎలా ఊరుకోగలిగారని అడిగితే, చూడనిది జరగలేదు అనుకోవడమే రిఫరీ ధర్మమన్నారు. దొంగను వదిలేసినా పాపం ఒకటే, దొర మీద దొంగతనం మోపితే రెండు అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, ఆ క్లిప్పులో ఉన్నది మా వాడే కదమ్మా అన్నారు. అవునన్నాను. వాడు బంతి దగ్గర లేకుండా పోయే రకం కాదే, ఏమైంది వాడికి అన్నారు. నాకు తెలియదన్నాను.

నిన్న పని అయ్యాక డాక్టరమ్మ టీ తాగుతూ ఒక మాట చెప్పింది. ఏ పనైనా వెయ్యిసార్లు చేస్తే అది బుర్రను వదిలి ఒంట్లోకి దిగుతుందట. ఆ తర్వాత ఒళ్ళు మనల్ని అడగకుండానే చేసేస్తుందట. గొప్ప ఆటగాళ్ళ బలం అదే, వాళ్ళ బలహీనతా అదేనట. దిగినదాన్ని పైకి లాగడం కష్టం.

నాకు వెంటనే మన ఇల్లు గుర్తొచ్చింది. గర్వంగా చెప్పాను. అమ్మ పోయేనాటికి నాకు పదహారు, మా తమ్ముడికి ఆరు అని చెప్పాను. గుమ్మం దిగితే లారీలు తిరిగే వీధి. నేను కుట్టుమిషను దగ్గర, వాడు వీధిలో. అందుకని ఇంట్లో ఒకటే చట్టం పెట్టాను: “అక్క పిలిస్తే ముందు తల తిప్పు. ఎందుకని తర్వాత అడుగు.” ఊరికే చెప్పి వదల్లేదు. ఆటలా నేర్పాను. తలుపు వెనక నుంచి పిలిచేదాన్ని, మేడ మీద నుంచి పిలిచేదాన్ని. నేను ఒకటి అనేలోపు తిరిగితే బిస్కెట్టు. రెండేళ్ళు నేర్పాను. ఒకనాడు బంతి కోసం రోడ్డు మీదకు ఉరికావు. పిలిచాను. తిరిగావు, ఆగావు. లారీ నీ చొక్కా అంచును ఊపుకుంటూ పోయింది.

డాక్టరమ్మ ఈ కథ తన పుస్తకంలో రాసుకుంది. నా చదువు పదో తరగతితో ఆగిపోయినా నేను కూడా ఒకరికి శిక్షణ ఇచ్చానని నాకు మొదటిసారి అనిపించింది.

మొదటి మ్యాచ్‌కి నేను వస్తానంటే నువ్వు ఏమన్నావో గుర్తుందా? “నువ్వొచ్చి కూర్చుంటే నాకు ఆట కనపడదక్కా, నువ్వే కనపడతావు. రాకు.” నవ్వుతూనే అన్నావు. రానని మాటిచ్చాను.

ఇంకా పదహారు రోజులున్నాయి. పొద్దున పరుగు మొదలుపెట్టు. పుస్తకాలు కుట్టేవాడికి పొట్ట వస్తుంది, అది నీ నల్లచొక్కాలో దాగదు. మోకాలికి పట్టీ మరవకు.

దీవెనలతో,
అక్క


ఫిబ్రవరి 20

పిచ్చుకా,

అక్క దీవెనలు. చాలా రోజుల తర్వాత ఈ పేరు రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో చేయి దాని మీదకే వెళ్ళింది. ఎందుకో ఆపాను.

నువ్వు పరుగు మొదలుపెట్టావని మరదలు చెప్పింది. పొట్ట కోసమే, పరీక్ష కోసం కాదు అన్నావట. సరే. ఏ దేవుడికి మొక్కినా ప్రదక్షిణం ప్రదక్షిణమే.

సోమవారం డాక్టరమ్మ ముప్పై ఒకటో క్లిప్పు మీద కూర్చుంది. అన్ని క్లిప్పుల్లోనూ జనం అరుపుకీ ఈలకీ మధ్య దూరం కొలుస్తోంది. ఈ ఒక్కదాంట్లో లెక్క కుదరలేదట. రిఫరీ అరుపు విని తడబడ్డాడంటే, తడబాటు అరుపు తర్వాత ఉండాలి. ఇక్కడ ముందే ఉందంది.

తెర నల్లబడకుండా, సెకనును ఇరవై అయిదు బొమ్మలుగా విడదీసి ఒక్కొక్కటే చూపించింది. నువ్వు తెర అంచున నిలబడి ఉన్నావు. నిలబడాల్సిన చోటే. కొంగ మాస్టారు నేర్పిన చోటే. చూపు డిఫెండరు నడుము మీదే. ఉన్నట్టుండి నీ తల పక్కకు తిరుగుతుంది. గ్యాలరీ వైపు. బంతి ఛాతీకి తగిలేటప్పుడు నీ ముఖం అక్కడ లేదు. వెంటనే వెనక్కి తిప్పావు. అప్పటికే జనం లేచి చేయి, చేయి అని అరుస్తున్నారు. నువ్వు ఊదావు.

ఎండ పడిందని చెప్పారట కదా అని డాక్టరమ్మతో అన్నాను. ఎండ పడితే మనిషి తల వంచుతాడు, కళ్ళు చిట్లిస్తాడు, చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, ఈయన అలా కాదు, ఎవరో పిలిస్తే తిరిగినట్టు తిరిగాడు అంది.

తర్వాత చప్పుడును విడదీసింది. జనం హోరును పలచన చేసింది. హోరు కంటే ముందు ఒక్క గొంతు ఉంది. ఆడమనిషి గొంతు. ఒకే మాట. డాక్టరమ్మ వేలితో తెర మీద వరస చూపించింది. గొంతు ముందు. తల తర్వాత. బంతి ఆ తర్వాత. జనం అన్నిటికంటే వెనక.

ఎవరో ఈవిడ, ఏమంటోందో తెలియడం లేదు, ఏదో పిట్ట పేరులా ఉంది అంది. నేను లేచి కిటికీ మూసి వచ్చాను.

నీకు నేను చెప్పేది ఇది. నీ తప్పు రెండు ముక్కలు. తల తిరగడం ఒకటి. చూడనిదానికి ఊదడం రెండోది. మొదటిది నీ చేతిలో లేదు, అది నీ ఒంట్లో ఉంది. రెండోది నీదే. దాన్ని నేను తగ్గించను, నువ్వూ తగ్గించుకోవడం లేదు. ఆ డిఫెండరు కుర్రాడు చేయని తప్పుకు ఓడిపోయాడు. పరీక్ష అయ్యాక వెళ్ళి అతనికి ఆ మాట నోటితో చెప్పు. పేపరులో చెప్పడం చాలదు. కానీ మొదటి ముక్క కోసం కూడా నిన్ను నువ్వే కొట్టుకుంటూ సొరుగు మూసుకుని కూర్చుంటే ఊరుకోను.

24 పొద్దుటికల్లా ఇక్కడికి రా. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం ఆ గడిలో నిలబడాలి. డాక్టరమ్మ ఒప్పుకుంది. కొంగ మాస్టారు తానూ వస్తానన్నారు. పాత శిష్యుడిని తిట్టే అవకాశం ఆయన వదులుకోరు. నీకు పక్క వేసి ఉంచుతాను. మరదల్ని కూడా తీసుకురా.

దీవెనలతో,
నీ అక్క

తా.క. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దున్నుంచి మూడుసార్లు ప్రార్థనలో కూర్చున్నాను. మూడుసార్లూ ఒకటే జవాబు. రాయి.

ఆ గొంతు నాది.

ఆ సాయంత్రం నేను మందిరంలో లేను. గ్యాలరీలో మూడో వరసలో, స్తంభం పక్కన ఉన్నాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి మాట తప్పాను. నువ్వు ఫైనలు నడిపిస్తున్నావంటే ఆగలేకపోయాను. ఒక ఆటగాడు నీ వెనక నుంచి నీ మీదకే పరుగెత్తుకొస్తున్నట్టు కనపడింది. నీ మోకాలి ఆపరేషను అయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఒడ్డున కూర్చున్నదాన్ని, లోతు నాకేం తెలుసు. పిచ్చుకా అని పిలిచాను. అతను నిన్ను తప్పించుకునే పోయాడు. ఈ లోకంలో నిన్ను ఆ పేరుతో పిలిచేది నేనొక్కదాన్నే.

నువ్వు తిరిగావు. ఎందుకని అడగలేదు. నేర్పినట్టే తిరిగావు.

అంత జనంలో నా పిలుపు నీకు చేరి ఉండదని ఆరు నెలలు నన్ను నేను నమ్మించుకున్నాను. నేను కూడా గొయ్యి పూడ్చుకున్నాను. ఆ బొమ్మలో నీ ముఖం సూటిగా మూడో వరస వైపే ఉంది. నన్ను చూశావు. నువ్వు ఫోను ఎత్తకపోవడం కోపమనుకున్నాను. ఫోను ఎత్తితే, ఆ రోజు మందిరంలో ఉన్నానని నేను మళ్ళీ చెప్తే, అవునక్కా అనాలి. అది నీవల్ల కాలేదు.

ఇక ఎండ సంగతి. ఆ రోజు పొద్దున్నుంచి మబ్బు. నా ఒళ్ళో గొడుగు ఉంది. ఎందుకు చూడలేదని కమిటీ నిన్ను మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ ఎండ అన్నావు. ఒక్కరూ ఆకాశం సంగతి అడగలేదు. నా అబద్ధానికి నీ అబద్ధాన్ని కాపలా పెట్టావు. ఇద్దరం ప్రార్థన చేసే ఇంట్లో పుట్టినవాళ్ళమే.

మంగళవారం డాక్టరమ్మకు చెప్పాను. ఇన్నాళ్ళూ దాచినందుకు నన్ను పనిలోంచి తీసేసినా సరేనన్నాను. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది: “అక్కగారూ, ఇంకోసారి పిలవగలరా? రికార్డు చేసుకుంటాను.” గదిలో నిలబడి అరవైసార్లు పిలిచాను. కింద మైదానంలో పిల్లలు పైకి చూశారు. కొంగ మాస్టారు మెట్ల మీద ఆగిపోయి, ఈ గొంతు ఉంటే మాకు ఈల ఎందుకమ్మా అన్నారు. ఇప్పుడు ప్రతి క్లిప్పులోనూ ఎక్కడో ఒకచోట నేనుంటాను. 24 నుంచి నువ్వు సాధన చేయాల్సింది వాటితోనే.

ఈ పొద్దున సంఘానికి అంతా రాసి, సంతకం పెట్టి ఇచ్చి వచ్చాను. తీర్పు మారదన్నారు. మార్చమని నేను అడగలేదు. నిజం ఫైలులో ఉండాలన్నాను. పెట్టారు.

నిన్ను కంటికి రెప్పలా పెంచానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. కాదనను. కానీ రెప్ప పడినంతసేపు కన్ను చూడలేదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

అందుకని ఇంటి చట్టం మారుస్తున్నాను. పెట్టింది నేనే, తీసేదీ నేనే. 28న మూడో వరసలో, అదే స్తంభం పక్కన కూర్చుంటాను. ఈసారి చెప్పే వస్తున్నాను. ఆటలో ఎప్పుడో ఒకసారి పిలుస్తాను. గట్టిగా పిలుస్తాను.

తిరక్కు.